ఇది ఎవురి దోవ?

మా లెక్కల సారు పోయినారని తెలిసినప్పుడు నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. తిరుపతిలో నేను పనిచేసే బడిలో, స్టాఫ్‌రూములో కూర్చుని ఆరో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెట్టెకు పన్నెండు మామిడికాయల చొప్పున పదిహేను పెట్టెల్లో ఎన్ని కాయలని లెక్క. లిఖిత అనే పిల్ల గుణకారం చెయ్యలేదు. ఒకదాని కింద ఒకటి మూడు సంఖ్యలు వేసింది: 120, 60, 180. జవాబు సరైనదే. నేను 'స్టెప్పులు ఏవి?' అని రాసి, అడ్డంగా ఒక గీత కొట్టాను. ఆ గీత ఆరకముందే ఫోను మోగింది. మా హైస్కూలు బ్యాచి వాట్సాప్ గుంపులో గురవయ్య పెట్టిన మాట: "మన లెక్కల సారు తెల్లారుజామున నిద్దర్లోనే పోయినారంట."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, మొదట వచ్చింది ఒక రకమైన నెమ్మది. ఇంక నన్ను ఎవరూ అడగరులే అనుకున్నాను. ఆ వెనకాలే ఇంక ఎవరికీ చెప్పుకోలేను కదా అని తెలిసింది. పెన్ను మూత పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాను. ఆయనకు చెప్పాల్సిన ఒక మాట ముప్పై ఏళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. దాన్ని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు ఆయన ఎట్లాంటి మనిషో మీకు తెలియాలి.

పొద్దున రైలుకు పాకాలలో దిగి, స్టేషన్ బయట పెట్టుకున్న సైకిలు తొక్కుకుంటూ మా ఊరి హైస్కూలుకు వచ్చేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలే. ఆ జేబు ఉతికినా తెల్లగానే ఉండేది, చొక్కా ఏ రంగుదైనా సరే. క్లాసులోకి రాగానే కుర్చీని కిటికీ పక్కకు జరిపి, దాని మీద సంచి పెట్టి, తను నిలబడేవారు. ఆయన కూర్చోగా నేను చూడలేదు, మా లెక్కలు చూసేటప్పుడు మా పక్కన నేల బండల మీద గొంతుకూర్చోవడం తప్ప.

లెక్క ఇచ్చి, మేము జవాబు చెప్తే, "సరే" అనేవారు. అక్కడితో మిగతా సార్లకు పని అయిపోతుంది. ఈయనకు అప్పుడే మొదలయ్యేది. "ఇంగొక దోవ ఉండాదా?" అని అడిగేవారు. ఎవరూ లేవకపోతే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు. ఒక్కోసారి అట్లా పది నిమిషాలు. మాకు నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది, ఆ తర్వాత ఎవరికో ఒకరికి ఏదో తోచేది.

మా తరగతిలో గురవయ్య ఐదో ఎక్కం చచ్చినా రాదనేవాడు. వాళ్ల నాయన బస్సు కండక్టరు. ఒకరోజు పద్దెనిమిది ఐదులు ఎంతరా అంటే, వాడు గోడకేసి చూసి తొంభై అన్నాడు. ఎట్లా వచ్చిందంటే చెప్పడానికి భయపడ్డాడు. సారు వాడి పక్కన కూర్చుని, "కొట్టనులే, ఏ దోవన వచ్చినావో చెప్పప్పా" అన్నారు. "పదులయితే నూటాఎనభై సార్. ఐదంటే దాంట్లో సగం కదా" అన్నాడు వాడు. సారు లేచి వెళ్లి బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'గురవయ్య దోవ' అని రాశారు. ఆ తర్వాత మా బడిలో ఐదో ఎక్కం మర్చిపోయిన ప్రతివాడూ 'గురవయ్య దోవన పోదాం' అనేవాడు. గురవయ్య నడక మారిపోయింది. ఇప్పుడు కరెంటు ఆఫీసులో పని చేస్తున్నాడు, అయినా ఆ మాట ఎత్తితే పిల్లవాడిలా మెలికలు తిరుగుతాడు.

'తప్పు' అనే మాట ఆయన నోట వినలేదు. తప్పు చేస్తే, "ఈ దోవ యాడికి పోతాదో సూద్దాం రా" అని మాతోపాటే ఆ తప్పు వెంట నడిచేవారు. పోగా పోగా ఒకచోట లెక్క ముక్కలయ్యేది. మూడుకాళ్ల మేకో, సగం మనిషో జవాబు వచ్చేది. అందరం నవ్వేవాళ్లం. తప్పు చేసినవాడూ నవ్వేవాడు. "దోవ తప్పినోడికే ఊరంతా తెలిసేది" అనేవారు సారు. ఇంకో మాట కూడా అనేవారు: "జవాబు నా దగ్గిరా ఉండాది, పుస్తకం ఎనకాలా ఉండాది. దోవ మాత్రం మీ దగ్గిరే ఉండాల."

ఇదంతా బాగానే ఉంది కానీ, ఆయనకు సిలబస్ ఎప్పుడూ అయ్యేది కాదు. మామిడికాయలు పండినా మా రేఖాగణితం పండదని మిగతా సార్లు ఎగతాళి చేసేవారు. పిల్లలచేత ఆటలాడిస్తాడని ఊళ్లో పెద్దలు గొణిగేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒక పిల్ల నోటుబుక్కు పట్టుకుని, ఈ పద్ధతి పుస్తకంలో లేదు కదా అన్నారు. "జవాబు పుస్తకంలోదే సార్. పద్ధతి మాత్రం ఈ పాపది" అన్నారు మా సారు, ఏ తడుముకోవడమూ లేకుండా. ఆ పెద్దమనిషి నోటుబుక్కు మూసి పిల్లకు ఇచ్చేశారు. మాకు మాత్రం పండగే.

దోవల కోసం ఆయన దగ్గర ఒక పొడుగాటి అట్ట పుస్తకం ఉండేది. ప్రతి శనివారం ఆఖరి పీరియడులో ఆ వారం దొరికిన దోవల్ని అందులో ఎక్కించేవారు. ఒక్కో పేజీకి ఒక్కో దోవ, పైన దాన్ని కనుక్కున్నవాళ్ల పేరు. బోర్డు మీద రాసేముందు తప్పకుండా ఒకమాట అడిగేవారు: "ఇది ఎవురి దోవ?" ఎవరో ఒకరు లేచి, "నాదే సార్" అనాలి. లేదా "మా మామది సార్", "పక్కింటాయనది సార్" అని చెప్పాలి. ఎవరిదైతే వాళ్ల పేరే రాసేవారు. మా ఊరి మంగలాయన పేరు మీద కూడా ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంది.

నా పేరు మీద లేదు. తొమ్మిదో తరగతి వచ్చినా లేదు. ఫస్టు ర్యాంకు నాది, లెక్కల్లో నూటికి తొంభై పైన నాకు, కానీ నాకు పుస్తకంలో ఉన్న దోవ ఒక్కటే వచ్చేది. సారు "ఇంగొకటి?" అన్నప్పుడల్లా నా తల ఖాళీ అయిపోయేది. వెనక బెంచీలవాళ్లు లేచి దోవలు చెప్తుంటే నాకు కడుపు మండేది. ఇది చిన్నతనపు మాట అని కొట్టి పారెయ్యకండి. అప్పట్లో నాకు దానికంటే పెద్ద కష్టం లేదు.

మా వీధిలోనే మునిలక్ష్మి ఉండేది. నా జట్టుపిల్ల, నా తరగతే. వాళ్లింట్లో అందరూ చింతపండు కొట్టేవాళ్లు. మాఘం దాటితే చాలు, వాళ్ల వాకిట్లో చింతకాయల గుట్టలు. కాయను రాతి మీద పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి, ఈనె లాగి, గింజ తీసి అవతల పడెయ్యాలి. ఆ రోజుల్లో మునిలక్ష్మి వారాల తరబడి బడికి వచ్చేది కాదు. ఆ పిల్లకు కూడా సారు పుస్తకంలో పేజీ లేదు. క్లాసులో ఉంటే కదా లేచి చెప్పడానికి.

ఆ చింతపండు కాలంలోనే సారు ఒక లెక్క ఇచ్చారు. మా బడి వెనకాల నేలలో పరుచుకున్న పెద్ద బండ ఉండేది. ఊరివాళ్లు దాని మీద చెనక్కాయలు, చింతపండు ఎండబెట్టేవాళ్లు. అది గుండ్రం కాదు, పలకగానూ ఉండదు, నీళ్లు ఒలికినట్టు ఎటుపడితే అటు వంకర్లు పోయి ఉంటుంది. "ఈ బండ ఎంత చోటు పట్టిండాదో చెప్పాల. సోమవారం దాకా టైము" అన్నారు. పుస్తకంలో వంకర బండలకు సూత్రం లేదు. నేను రెండు రోజులు చతురస్రాలు గీసి గీసి పేజీలు చింపాను.

ఆదివారం మధ్యాహ్నం మునిలక్ష్మి వాకిట్లో కూర్చుని ఈ సంగతి చెప్పాను. ఆ పిల్ల సుత్తి ఆపలేదు. కాసేపటికి తనంతట తనే లేచి, దండెం తాడు విప్పి, నన్ను బండ దగ్గరికి లాక్కుపోయింది. బండ నడుమ తాడు పరిచాం. తాడు మీద రెండడుగులకొకసారి నిలబడి, అక్కడినుంచి ఇటు అంచుకు ఎన్ని అడుగులో, అటు అంచుకు ఎన్నో చూసుకుంది. తర్వాత వాళ్ల వాకిట్లో, బండ మీద ఒక అడుగుకు నేల మీద ఒక వేలు చొప్పున, అదే బొమ్మను బొగ్గుతో చిన్నగా గీసింది. ఆ బొమ్మ నిండా చింతగింజలు పరిచింది, ఒకదాన్నొకటి తాకేట్టు, సందు లేకుండా. నాకింకా ఏమీ అర్థం కాలేదు. అప్పుడు ఆ గింజలన్నీ తీసి, గోడ వారగా వరసలు కట్టి, తలుపులాగా పలకగా పరిచింది.

"ఇంగ ఇది కొలువు. పొడుగూ వెడల్పూ నీకు వస్తాది కదా" అంది. "గింజలు అవే. సోటు కూడా అంతే ఉంటాది."

నేను ఆ గింజల వరసల వైపు చూస్తూ ఉండిపోయాను. రెండు రోజులుగా నా దగ్గర వంకరగా ఉన్నది అక్కడ చక్కగా అయిపోయి ఉంది.

"రేపు సారుకు సెప్పు మే. నేను ఈ వారం రాను" అంది. మళ్లీ సుత్తి పట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది: "సారు బోర్డు మీద నా పేరు రాస్తాడా?"

"రాస్తారు" అన్నాను.

మర్నాడు గింజల సంచి మోసుకుపోయి, బడి వరండాలో బొమ్మ గీసి, పరిచి చూపించాను. చెప్పాలనే అనుకున్నాను, మునిలక్ష్మి దోవ సార్ అని. ఇంట్లోంచి బయలుదేరినప్పుడు ఆ మాటే నోట్లో ఉంది. గింజలు పలకగా మారేసరికి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. సారు నా పక్కన నేల మీద గొంతుకూర్చుని ఉన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం నా వల్ల రావడం అదే మొదటిసారి. "ఇది ఎవురి దోవ?" అన్నారు.

"నాదే సార్" అన్నాను.

బోర్డు మీద 'హేమావతి దోవ' అని పడింది. ఆ మూడు రోజులు నేను నేల మీద నడవలేదు. మా నాయనను ఎవరో బజారులో ఆపి, "మీ పాపకు భలే బుర్రప్పా" అన్నారట. ఆయన ఆరోజే అందరి ముందూ నన్ను తిరుపతి కాలేజీలో చదివిస్తానన్నాడు. చదివించాడు కూడా. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మాట మీద నిలబడి ఉంది.

ఈ వారం రానన్న మునిలక్ష్మి గురువారమే వచ్చింది. బోర్డు మూలన ఆ పేరు ఇంకా చెరపలేదు. ఆ పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది, వెళ్లి తన చోట కూర్చుంది. సారు నన్ను పిలిచి, ఒక చింతాకు కొమ్మ బొమ్మ గీసి, ఇదే దోవలో చెయ్యమన్నారు. నేను గింజలు పరుస్తున్నాను, సందులు పడుతున్నాయి. వెనకనుంచి మునిలక్ష్మి గొంతు మెల్లగా వినపడింది: "పెద్ద గింజలు ఒకపక్క, సన్న గింజలు ఒకపక్క వెయ్యకూడదు మే. కలిపి పరచాల." సారు ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల చేతులు చూశారు. చింతపండు పులుపుకు పగిలి నల్లబడిన చేతులు. తర్వాత నా చేతులు చూశారు.

బడి వదిలాక నేను బయటికి పోతుంటే పిలిచారు. "ఇంగేమన్నా చెప్పేది ఉండాదా, పాపా?"

"ఏమీ లేదు సార్."

"సరే" అన్నారు. జవాబు సరిపోయినప్పుడు అనే 'సరే' కాదది.

ఆ ఏడాది తర్వాత మునిలక్ష్మి బడి మానేసింది. నేను పైకి చదువుకున్నాను. బి.ఇడి. అయ్యాక, ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, ప్రతిసారీ మిఠాయి పొట్లం పట్టుకుని సారు ఇంటికి పోయాను. ఎప్పుడు పోయినా మొదట ఒకటే అడిగేవారు: "నీ క్లాసులో పిల్లోల దోవలు రాసి పెడతాండావా?" రాస్తున్నానని అబద్ధం చెప్పేదాన్ని. ఆ అబద్ధం నాకు అలవాటైపోయింది. ఇంక లేచి వస్తుంటే గడప దాకా వచ్చి అడిగేవారు: "ఇంగేమన్నా చెప్పేది ఉండాదా, పాపా?" గొంతులో ఏ పొడుపూ ఉండదు. మామూలుగా, బస్సుకు టైముందా అని అడిగినట్టే అడిగేవారు. చివరి నాలుగేళ్లు ఆ గడపకు భయపడే నేను పోవడం మానేశాను.

కోపంగా కూడా ఉంది నాకు, చెప్పొద్దూ. సారూ, మీరు ఒక్కసారి నా చెవి మెలేసి, నిజం చెప్పవే అని ఉంటే చెప్పేసేదాన్ని కదా. జవాబు ఎవరికి వాళ్లే కనుక్కోవాలనే మీ పద్ధతి లెక్కలకు మంచిదే. అందరూ అంత దూరం నడవగలరని మీరెట్లా అనుకున్నారు? మీరు నా కోసం కాచుకుని ఉంటే అవతల ఒక పిల్లకు ఆలస్యం అయిపోయింది.

పదకొండో దినం మా బ్యాచివాళ్లం ఇరవైమంది దాకా ఆయన ఇంటికి పోయాం. భోజనాలయ్యాక, సారు భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆమె, ఆ అట్ట పుస్తకం తెచ్చి గురవయ్య చేతిలో పెట్టింది. "దీంట్లో మీ పేర్లన్నీ ఉండాయంటప్పా, సూసుకోండి. దినామూ ఒకతూరి తీసి తిరగేసేవాడు" అంది. గురవయ్య నడవాలో నిలబడి ఒక్కో పేజీ చదవసాగాడు. పేరు వచ్చినప్పుడల్లా ఒకరు నవ్వుతూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం పేజీ తిరిగిన ప్రతిసారీ ఆ చప్పుడు వీపు మీద పడుతోంది.

"హేమావతి దోవ!" అన్నాడు గురవయ్య. అందరూ చప్పట్లు కొట్టారు. చావింట్లో చప్పట్లేమిటని ఎవరికీ తోచలేదు. "అదేంది, అందురివీ ఇంకుతో రాసి హేమాది మాత్రం పెన్సిల్‌తో రాసినాడే సారు?" అన్నాడు వాడు, పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని. "ఇంకు అయిపోయింటుందిలే" అన్నారు ఎవరో. పక్క పేజీ మళ్లీ ఇంకే.

చెరిపి రాయడానికి వీలుగా పెట్టారు ఆయన. ముప్పై ఏళ్లు. దినామూ ఒకసారి తీసి చూసుకునేవారంటే, ఈరోజన్నా వచ్చి చెప్తుందేమో అని నా పేరు చూసుకునేవారన్నమాట. అప్పుడైనా నేను లేచి చెప్పాల్సింది. అందరూ నావైపే చూస్తున్నారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, వాళ్లు దాన్ని వేరేగా అనుకున్నారు. ఆయన బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి, రెండుసార్లు ఆ దోవ నాదే అనిపించుకున్నాను. వచ్చేముందు అమ్మను అడిగి, నాలుగు దినాల్లో తెచ్చిస్తానని చెప్పి, ఆ పుస్తకం మాత్రం వెంట తెచ్చుకున్నాను.

మర్నాడు బడిలో పేపర్లు పంచుతుంటే లిఖిత పేపరు చేతికి వచ్చింది. నేను కొట్టిన ఎర్ర గీత దాని మీద అట్లాగే ఉంది. పిల్లను దగ్గరికి పిలిచాను. బిక్కమొహం వేసుకుని వచ్చింది. "నూటాఇరవై, దాని కింద అరవై. ఇది ఎవరి దోవ?" అన్నాను. ఆ మాట నా నోట వచ్చి నాకే ఉలుకు పుట్టింది.

"మా అవ్వది మేడమ్" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "మా అవ్వ మార్కెట్లో కాయలు అమ్మతాది. పదిహేనంటే పదీ, మళ్లా దాంట్లో సగమూ అంటాది. నాది కాదు మేడమ్."

పదకొండేళ్ల పిల్ల. దెబ్బలు పడతాయేమో అనుకుంటూ కూడా నాది కాదు అంది. నేను ఒక కొత్త నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో ఇంకుతో 'లిఖిత వాళ్ల అవ్వ దోవ' అని రాశాను. ఎర్ర గీత మీద మార్కులు వేశాను. మధ్యాహ్నం సెలవు పెట్టి పాకాల బస్సెక్కాను.

మునిలక్ష్మి పాకాల బజారులో ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. చిన్న అంగడి, ఒక మిషను, ఒక బల్ల. నేను పోయేసరికి బల్ల మీద రవికె గుడ్డ పరిచి, కాగితం ముక్కలు దాని మీద అటూ ఇటూ తిప్పి పెట్టి చూసుకుంటోంది. చాలీచాలని గుడ్డ. ఒక చెయ్యి ముక్కను తలకిందులుగా తిప్పి, మెడ ఒంపులో ఇరికించింది. సరిపోయింది. అప్పుడు తలెత్తింది.

"రా మే హేమా. సారు దినానికి నేనూ వచ్చుంటి. ఎనకమాల అమ్మోళ్లతో కూసోనుంటి. నువ్వు సూడలా."

"అయితే గురవయ్య చదివినప్పుడు..."

"ఉండా. నీ మొగమే సూస్తా ఉండా."

"ఆ దోవ నీది మునీ" అన్నాను. ముప్పై ఏళ్ల మాట ఇంత చిన్నదా అనిపించింది.

"తెలుసు" అంది. "నాకు తెలవనిది ఏమన్నా ఉంటే సెప్పు."

పుస్తకం తీసి ఆ పేజీ ముందు పెట్టాను. ఆ పెన్సిల్ అక్షరాల మీద వేలు పెట్టి, అప్పుడు చెప్పింది. బడి మాన్పించినప్పుడు సారు మూడుసార్లు వాళ్లింటికి వచ్చారట. వాళ్ల నాయన వినలేదు. "ఆకరి తూరి పొయ్యేటప్పుడు నాతో సెప్పినాడు. పుస్తకంలో నీకు సోటు పెట్టుండా పాపా, రావాల్సిన పేరు వస్తాది అని. ఆ పొద్దు నాకు అర్థం కాలా." సారింటి అమ్మ రవికెలు కుట్టించడానికి కూడా ఆయనే వచ్చేవారట. "ఈడనే నిలబడి, నేను కత్తిరించేది సూసేవాడు. 'ఇది ఎవురి దోవ, పాపా?' అనేవాడు. 'నాదే సార్' అనేదాన్ని. ఇరవై ఏండ్లు మే. ఎప్పుడొచ్చినా అదే మాట."

నేను ఒక్కసారి అన్న మాటే అది. ఆమె అన్నప్పుడు నిజం.

"నా మీద కోపం లేదా?" అన్నాను.

"ఉండాది" అంది. "లేదంటే నీకు నెమ్మదిగా ఉంటాదని తెలుసు. కానీ ఉండాది. బడి మానింది నీ వల్ల కాదు. మా నాయన వల్ల, మా ఇంట్లో జరుగుబాటు వల్ల. అయితే అంతకు ముందు మానెయ్యమన్నప్పుడల్లా ఏడ్సి, అన్నం తినకుండా ఉండి, మళ్లా బడికొచ్చేదాన్ని. బోర్డు మీద నీ పేరు సూసినాక, ఏడ్సేకి మనసు రాలా. సరే నాయనా అన్నా."

అంగడి బయట ఆటోలు పోతున్నాయి. నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. మిషను సొరుగులోంచి కాగితాల మీద గీతలు చెరుపుకునే రబ్బరు తీసి బల్ల మీద పెట్టింది. "సెరుపు" అంది.

చెరిపాను. పెన్సిలు తేలిగ్గానే పోయింది. పేజీ అంతా ముప్పై ఏళ్లకు పచ్చబడి ఉంది కదా, రుద్దిన చోట మాత్రం కాగితం పాత తెలుపు బయటపడింది. నా పెన్ను తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె మూత తీసి, ఆ తెల్లటి చోటు మీదికి వంగింది. తర్వాత మూత పెట్టి పెన్ను నా ముందుకు జరిపింది.

"నేను రాసుకుంటే నేను ఎత్తుకున్నట్టుంటాది. నువ్వు రాస్తే నువ్వు ఇచ్చినట్టుంటాది. అది సారు రాయాల్సింది మే. ఆయన సేతి రాతతో." గుడ్డ దగ్గరికి లాక్కుని కత్తెర తీసుకుంది. "ఉండనీ అట్లే."

చెప్పిన మాట ప్రకారం పుస్తకం తీసుకుపోయి అమ్మకు ఇచ్చాను, జరిగిందంతా చెప్పాను. వాట్సాప్ గుంపులో కూడా రాశాను. రెండు రోజులకు గురవయ్య, "సారుకు తెలుసా?" అని అడిగాడు. తెలుసు అని రాశాను. అమ్మ ఆ పుస్తకాన్ని సారు కుర్చీ పక్కన, ఆయన పెట్టుకునే చోటే పెట్టింది. ఎవరైనా తీసి తిరగేస్తే, పచ్చబడిన పేజీల్లో ఒకదాని పైన పేరు ఉండదు. నా పేరంత పొడవున తెల్లగా ఉంటుంది.